ఏడాది ఉండగలరా?

ప్రశ్న: మాది హ్యూస్టన్. ఇక్కడి ‘బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్’ సంస్థలో చేరి ఒక కుర్రాడికి పెద్దదిక్కుగా ఉండాలని ఉంది. అప్పుడప్పుడు కలిసి కబుర్లు చెప్పుకుంటే పిల్లలు మారతారా? ఆరు నెలల్లో నేను ఊరు మారే అవకాశం కూడా ఉంది.

జవాబు: మారతారు, కొంతవరకు. ఈ సంస్థ మీద పేరున్న అధ్యయనం 1995లో వెలువడింది. అందుకు ఎంచుకున్న ఎనిమిది నగరాల్లో హ్యూస్టన్ ఒకటి. 10 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో సగం మందికి పెద్దల తోడు కుదిర్చి, మిగతావాళ్లను వెయిటింగ్ లిస్టులో ఉంచారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే, మొదటి జట్టులో మాదకద్రవ్యాలు మొదలుపెట్టే అవకాశం 46 శాతం తక్కువగా తేలింది. బడి ఎగ్గొట్టిన రోజులూ దాదాపు సగమే.

అయితే 2011లో డేవిడ్ డుబోయిస్ బృందం ఇలాంటి కార్యక్రమాల మీద వచ్చిన 73 మూల్యాంకనాలను కలిపి చూస్తే, సగటు ప్రయోజనం ఓ మోస్తరుగానే కనిపించింది. ప్రచార కరపత్రాల్లో ఈ ముక్క సాధారణంగా ఉండదు!

అసలు తేడా కాలంలో ఉంది. జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 1995 నాటి సమాచారాన్నే మళ్లీ తిరగేసి 2002లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది దాటిన స్నేహాల్లో మేలు ఎక్కువ. మూడు నెలల్లోపే తెగిపోయినచోట పిల్లల ఆత్మవిశ్వాసం ఉన్నదానికన్నా తగ్గింది.

కలిసినప్పుడు ఏం చేస్తారన్నదీ ముఖ్యమే. ఆటకు వెళ్లాలా, ఊరికే తిరగాలా అన్నది కుర్రాడికే వదిలేసిన పెద్దల స్నేహం నిలిచిందని మరో పరిశీలన చెప్పింది. మొదటి రోజు నుంచే మార్కులు, క్రమశిక్షణ అంటూ దిద్దబోయినవాళ్లది చాలావరకు నిలవలేదు. (మనవాళ్లకు ఈ రెండో అలవాటు కాస్త ఎక్కువ.)

ఊరు మారే సంగతి దరఖాస్తు ఇచ్చేటప్పుడే సంస్థకు చెప్పాలి. అది తేలేదాకా ఆగితే ఇంకా మంచిది.