అల్లరి రోజు ఎలా పుట్టింది?

శ్రీకాకుళం పల్లెల్లో భోగి ముందు రాత్రి కుర్రాళ్ళకు నిద్ర ఉండదు. గుంపుగా తిరుగుతారు. విరిగిన మంచం కోడు, పాత తలుపు, కంచె కర్రలు ఏవి దొరికితే అవి ఎత్తుకుపోతారు. తెల్లారేసరికి అవి భోగి మంటలో ఉంటాయి. ఇంటావిడ లేచి చూసి తిడుతుంది. ఆ తిట్లు విని అందరూ నవ్వుతారు. కంచె పోయిన మనిషికి మాత్రం నవ్వు రాదు.

భోగినాడు పాత సామాన్లు కాల్చడం ఆచారం. ఆ మంటకు కట్టెలు కావాలి. అందుకే ఆ దొంగతనం. మరి ఏప్రిల్ ఒకటో తారీకు అల్లరికి కారణం ఏమిటి?

ఆ రోజు బడిపిల్లలు ఇంటికి పరుగెత్తుకొస్తారు.

"మామ్మా! నీ ఆవు తాడు తెంపుకొని పోయింది!"

"అయ్యో! ఎటేపెళ్ళిందిరా?"

"ఏప్రిల్ ఫూల్!"

ఫూల్ అంటే ఇంగ్లీషులో వెర్రివాడు అని. ఈ ఆట ఇంగ్లీషువాళ్ళ వెంట మన దేశానికి వచ్చింది.

దీని పుట్టుక గురించి ఒక కథ చాలామంది చెబుతారు. ఫ్రాన్సు దేశంలో పూర్వం కొన్ని చోట్ల మార్చి, ఏప్రిల్ నెలల్లో కొత్త సంవత్సరం మొదలయ్యేది. 1564లో అక్కడి రాజు జనవరి ఒకటినే సంవత్సరాదిగా చేశాడు. పాత పద్ధతి విడవని వాళ్ళను జనం వెర్రివాళ్ళని ఎగతాళి చేశారట. కథ బాగానే ఉంది. కాని లెక్క కుదరదు. 1561లోనే, ఇప్పటి బెల్జియం దేశంలో, ఒక కవి ఈ ఆట గురించి రాశాడు. అందులో ఒక యజమాని ఏప్రిల్ ఒకటిన పనివాణ్ణి ఉత్తుత్తి పనుల మీద ఊరంతా తిప్పుతాడు. అంటే రాజు ఆజ్ఞకు మూడేళ్ళ ముందే ఆ ఆట ఉంది. ఉగాదిని వెక్కిరించడానికే ఇది పుట్టిందని కూడా కొందరంటారు. ఆ దేశాల్లో మన ఉగాదే లేదు కదా!

స్కాట్లాండు దేశంలో పూర్వం ఈ ఆట ఇంకో రకంగా ఉండేది. ఒక మనిషికి అంటించిన ఉత్తరం ఇచ్చి, ఫలానా వారికి ఇచ్చి రమ్మనేవారు. "ఇతన్ని ఇంకా దూరం పంపండి" అని లోపల రాసి ఉండేది. ఆ ఇంటివాళ్ళు చదువుకునేవారు. నవ్వు ఆపుకొని, అలాంటిదే మరో ఉత్తరం ఇచ్చి ఇంకో ఇంటికి పంపేవారు. తన గురించి రాసిన మాట తన చేతిలోనే ఉండేది. అయినా అతను కాళ్ళు నొప్పి పుట్టేదాకా నడిచేవాడు. విప్పి చదివితే ఆట అక్కడితో సరి. చదువు రానివాడైతే, విప్పినా ప్రయోజనం లేదు.

అది ఒక్క పూట సరదా. తెలియని కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాళ్ళు ఏప్రిల్ ఒకటి దాకా ఆగరు.

మాట్లాడుకోండి: చదవడం రాని రోజుల్లో మీ ఉత్తరాలు ఎవరు చదివి పెట్టేవారు? వాళ్ళు ఉన్నది ఉన్నట్టు చదివేవారా?