ఎత్తు చెల్లునా, చెల్లదా?

చదరంగమాడు కంప్యూటరునకు తొలుత నేర్పవలసినది గెలుచు విద్య కాదు. ఏ యెత్తు చెల్లును, ఏది చెల్లదు అను వివేకము. ఈ పాఠమును మన పిల్లలు బడిలో ఆంగ్లమున చదువుచున్నారు. ఇంట పెద్దలు "మాకా యంత్రవిద్య తెలియదు" అని తప్పుకొనుచున్నారు. చదరంగము తెలిసినవారు అట్లు తప్పుకొన నక్కరలేదని మా యభిప్రాయము.

మన విద్యార్థి యొకడు అట్టి ప్రోగ్రామును వ్రాసి తన తాతగారిని ఆటకు కూర్చుండబెట్టెను. పది యెత్తులు గడువకముందే కుడి యంచుననున్న గుర్రము ఎడమ యంచున వ్రాలెను. "నీ యంత్రము దొంగాట యాడుచున్నదిరా" అని తాతగారు లేచిపోయిరి.

యంత్రమునకు బల్ల కనబడదు. 0 మొదలు 63 వరకు గల అంకెల వరుసయే దానికి బల్ల. తెల్లవారి యెడమ మూల 0, కుడి మూల 7, పై వరుస 8తో మొదలగును. గుర్రపు టెత్తనగా 6, 10, 15, 17లలో నొకదానిని కలుపుటయో తీసివేయుటయో. 7 నుండి 6 కలిపిన 13, 15 కలిపిన 22, రెండును చెల్లును. 10 కలిపినచో 17 వచ్చును. అది బల్లకు ఆవలి ప్రక్కనున్న గడి! అంచు మన కంటికి కనబడును, యంత్రమునకు చెప్పవలెను. అందుకే కొందరు బల్లచుట్టును కంచెవలె అదనపు గడులు పెట్టి, 10 అడ్డము 12 నిలువుగా వ్రాసికొందురు.

పావుల నడక కుదిరిన పిమ్మట రాజు సంగతి. తన రాజును ఆపదలో విడుచు ఎత్తు చెల్లదు. దీనికి ఉపాయము సులభము: ఎత్తు వేసి చూచి, రాజుపై దాడి యున్నచో వెనుకకు తీసికొనుట. వేసిన పావును తీయరాదని మనము పిల్లలను మందలింతుము. యంత్రమునకు మాత్ర మదియే తగిన పద్ధతి.

బల్లను చూచినంతమాత్రమున తేలని నియమములును కలవు. కోట కట్టుట అట్టిది. రాజు ఒకమారు కదలి తిరిగి తన గడికే వచ్చినను కోట కట్టు హక్కు పోవును. ఏనుగు కదలకయే చచ్చి, ఆ గడికి రెండవ ఏనుగు వచ్చి నిలిచినను అంతే. గావున బల్లతోపాటు గతమునుగూడ ప్రోగ్రాము గుర్తుంచుకొనవలెను. రాజు నిలిచిన గడి, దాటు గడి, చేరు గడి శత్రువు దాడిలో ఉండరాదు. ఏనుగునకీ నిర్బంధము లేదు. 1974లో మాస్కోలో కార్పోవ్‌తో ఆడుచు, ఏనుగుపై దాడి యుండగా కోట కట్టవచ్చునా యని కోర్చ్‌నోయి యంతటి ఉద్దండుడు న్యాయనిర్ణేతను అడిగి తెలిసికొనెను. పిల్లవాడు తడబడుటలో వింత యేమి?

1956లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో మేనియాక్ అను యంత్రముచే ఆడించినవారు బల్లను 36 గడులకు కుదించి, శకట్లను, కోటను, బంటు రెండు గడుల దూకుడును తీసివేసిరి. ఆనాటి యంత్రములకు అంతకు మించిన శక్తి లేదు.

ఇక పరీక్ష. ఆట మొదటినుండి ఎన్ని విధముల ఎత్తుల వరుసలు సాధ్యమో ప్రోగ్రాముచే లెక్కింపవలెను. తొలి యెత్తునకు 20: బంట్లకు 16, గుర్రములకు 4. ప్రతిపక్షము ఎత్తుతో 400. మూడవ యెత్తునకు 8,902, నాల్గవదానికి 1,97,281, ఐదవదానికి 48,65,609. ఈ అంకెలను కాగితముపై వ్రాసి యుంచుకొనిన తల్లిదండ్రులే పరీక్షాధికారులు కావచ్చును. ఐతే కోట కట్టుట ఏడవ యెత్తునకు ముందు సాధ్యము కాదు గనుక, దానిని వేరుగ బల్ల పేర్చి చూడవలెను.

మన బాలునికి నాలుగు లెక్కలు సరిపోయినవి. ఐదవది 48,65,351 వచ్చెను. ఏబది లక్షలకు చేరువైన లెక్కలో 258 తక్కువైన నేమి యని వాడు ఊరకుండలేదు. తాతగారిని మరల బ్రతిమాలి బల్లముందునకు తెచ్చెను. రెండు సాయంకాలములు వెదకగా తెలిసినది. శత్రుబంటు రెండు గడులు దూకి మన బంటు ప్రక్కన నిలిచినచో, అది ఒక్క గడియే జరిగినట్లు భావించి, వెంటనే తరువాతి యెత్తున దానిని చంపవచ్చును. తాతగారి పాత ఆటలో బంటు ఎప్పుడును ఒక్కొక్క గడియే జరుగును. కావున ఈ నియమము వారెరుగరు. బాలుడు ఆట నేర్చినది వారివద్దనే. రెండు గడుల దూకుడును పుస్తకము చూచి చేర్చెను గాని, దాని వెంట వచ్చు నియమమును చేర్చలేదు. అది చేర్చినంతనే 258యు వచ్చి కలిసెను.

ఇక్కడనే మరియొక మెలిక యున్నది. తెల్లరాజు, తెల్లబంటు, ఇప్పుడే దూకిన నల్లబంటు, నల్లయేనుగు ఒకే యడ్డువరుసలో నున్నవనుకొందము. ఆ నల్లబంటును పై చెప్పిన రీతిని చంపినచో రెండు బంట్లును ఒక్కమారే వరుస విడుచును. రాజు ఏనుగు కెదురుపడును. ఆ యెత్తు చెల్లదు. ఆరితేరిన ప్రోగ్రాములు సైతము తప్పిన చోటిది. ఐదెత్తుల లెక్క దీనిని పట్టియీయదు.

"అంతయు బాగున్నది, రాజునకు ఒకమారు గుర్రపు దూకుడు ఏదిరా?" అని తాతగారు అడిగిరి. అది వారి యింటి ఆటలోని నియమము. ఆ పద్ధతికి వేరొక ప్రోగ్రామును బాలుడిప్పుడు వ్రాయుచున్నాడు. బంట్లకు 8, గుర్రములకు 4, రాజు దూకుడునకు 2, తొలి యెత్తునకు మొత్తము 14 అని తాతగారే వ్రేళ్ళపై లెక్కించి చెప్పిరి.