పురుగును పోషించే సూక్ష్మజీవి

రుద్రారం చుట్టుపక్కల ఏ గేదెల కొట్టంలోకి వెళ్ళినా గేదె చెవి వెనుక, పొదుగు దగ్గర, తోక మొదట్లో అంటుకుని వుండే గోమార్లను మీరు చూసే వుంటారు. కొన్ని చోట్ల వీటినే పిడుదులు అంటారు. ఆకలితో వున్న గోమారి కందిగింజలో సగం కూడా వుండదు. కడుపునిండా రక్తం తాగిన ఆడ గోమారి చిన్న చిక్కుడు గింజంత అవుతుంది.

అలాగే బోదకాలుతో బాధపడే పెద్దవాళ్ళను కూడా మన పల్లెల్లో మీరు చూసి వుంటారు. ఆ వాపుకు మూలం సన్నని తెల్లదారం లాంటి ఒక పురుగు.

గోమారి సాలెపురుగుకు, తేలుకు చుట్టం. బోదకాలు పురుగు ఏలికపాముకు చుట్టం. ఈ రెండింటికీ ఒకదానితో ఒకటికి బంధుత్వం ఏమీ లేదు. కాని రెండూ ఇతర జీవుల మీద బతికే పరాన్నజీవులే. తమాషా ఏమిటంటే, ఇతరుల శరీరంలో మకాం పెట్టే ఈ జీవుల కణాల లోపల, వాటికన్నా ఎంతో చిన్నవైన బాక్టీరియాలు మకాం పెట్టాయి. వాటిని వెళ్ళగొడితే పురుగుకు మేలా, కీడా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

రక్తం ఒక్కటే తాగితే చాలునా?

మనం అన్నం, పప్పు, కూర, మజ్జిగ అన్నీ తింటాం. గోమారి పుట్టింది మొదలు చచ్చేదాకా రక్తం తప్ప మరొకటి ముట్టదు. రక్తంలో మాంసకృత్తులు, ఇనుము పుష్కలంగా వుంటాయి. కాని బి-విటమినులు చాలా తక్కువ. అవి లేకుండా ఏ జంతువూ పెరగదు. మరి గోమారికి అవి ఎక్కడివి?

గోమారి అండాశయంలో, విసర్జక నాళాలలో కాక్సియెల్లా వర్గానికి చెందిన బాక్టీరియాలు వుంటాయి. ఫోలిక్ ఆమ్లం, బయోటిన్, రైబోఫ్లేవిన్ వంటి బి-విటమినులను తయారుచేసే జన్యువులు వీటిలో వున్నాయి. గోమారి వీటికి ఇల్లు ఇస్తుంది. ఇవి గోమారికి విటమినులు ఇస్తాయి. దీనినే సహజీవనం అంటారు. తల్లి గుడ్డు పెట్టేటప్పుడే బాక్టీరియా గుడ్డులోకి చేరుతుంది. కాబట్టి పిల్ల గోమారి దానిని బయట వెతుక్కోనక్కరలేదు.

ఇది వట్టి ఊహ కాదు. పశువుల గోమారిపై చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2017లో వెలువడ్డాయి. రక్తం తాగిన ఆడ గోమార్లకు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించారు. వాటి గుడ్లలో, పిల్లలలో బాక్టీరియాలు దాదాపు మాయమయ్యాయి. ఆ పిల్లలు రక్తం తాగాయి, కొంత పెరిగాయి. కాని నడిమి దశ దాటి పెద్ద గోమార్లు కాలేకపోయాయి.

బోదకాలు పురుగు కథ

ఈ పురుగు పేరు ఉచెరేరియా బాంక్రాఫ్టి. ఆడపురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, మగది 4 సెంటీమీటర్లు వుంటుంది. ఇవి మన శరీరంలోని లింఫు నాళాలలో ఏళ్ళ తరబడి జీవిస్తాయి. ఆడపురుగు కనే సూక్ష్మ డింభకాలను మైక్రోఫైలేరియాలు అంటారు. ఇవి మన దేశంలో సాధారణంగా రాత్రివేళ రక్తంలో తిరుగుతాయి. అందుకే ఫైలేరియా పరీక్షకు ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట వచ్చి రక్తపు చుక్క తీసుకుంటారు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు ఈ డింభకాలు దోమలోకి వెళ్ళి, సుమారు రెండు వారాలలో ఎదిగి, మరొక మనిషిని చేరతాయి.

1970ల దశకంలో ఇటువంటి పురుగులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరిశీలించినవారికి వాటి కణాలలో బాక్టీరియా లాంటి గుండ్రటి రూపాలు కనిపించాయి. అవి ఏమిటో చాలాకాలం తెలియలేదు. 1995లో ఇటలీ శాస్త్రజ్ఞులు కుక్కల గుండెలో వుండే ఇదే కుటుంబపు పురుగును తీసుకుని, ఆ రూపాల జన్యువులను చదివారు. అవి వోల్బాకియా అనే బాక్టీరియాలని తేలింది. ఇది కొత్త పేరు కాదు. 1924లోనే హెర్టిగ్, వోల్బాక్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు క్యూలెక్స్ దోమలో దీనిని చూశారు. అంటే దోమలోనూ వోల్బాకియా వుంది, దోమ మోసే పురుగులోనూ వుంది. కాని ఈ రెండూ వేరువేరు శాఖలు.

మరి వోల్బాకియా పురుగుకు ఏమి చేస్తుంది? బోదకాలును కలిగించే మరొక పురుగైన బ్రూజియా మలయిలోని వోల్బాకియా జన్యుసంపుటిని 2005లో, పురుగు జన్యుసంపుటిని 2007లో ప్రచురించారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తెలిసింది. హీమ్ అనే పదార్థాన్ని పూర్తిగా తయారుచేసుకునే జన్యువులు పురుగుకు లేవు, బాక్టీరియాకు వున్నాయి. రైబోఫ్లేవిన్ సంగతీ అంతే. బాక్టీరియాకు కావలసిన అమైనో ఆమ్లాలను పురుగు సమకూరుస్తుంది. ఒకరి వంటింట్లో లేనిది మరొకరి వంటింట్లో వుందన్నమాట!

బాక్టీరియాను చంపితే?

ఇక్కడ ఒక మంచి ప్రయోగాన్ని గమనించండి. 1999లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఎలుక జాతి జంతువులలో వుండే రెండు రకాల ఫైలేరియా పురుగులపై టెట్రాసైక్లిన్ ప్రయోగించారు. ఒక రకంలో వోల్బాకియా వుంది, రెండవ రకంలో లేదు. వున్న పురుగులు ఎదగలేదు, సంతానం లేకుండా పోయింది. లేని పురుగులకు ఏమీ కాలేదు. మందు నేరుగా పురుగును చంపేదైతే రెండూ దెబ్బతినాలి కదా! కాబట్టి మందు చంపినది బాక్టీరియాను. బాక్టీరియా పోవడం వల్లనే పురుగు చెడింది. పోల్చి చూడడానికి రెండవ రకం లేకపోతే ఈ మాట ధైర్యంగా చెప్పగలిగేవారు కాదు.

తరువాత టెట్రాసైక్లిన్ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్‌ను మనుషులకు ఇచ్చి చూశారు. 2005లో వెలువడిన టాంజానియా పరిశోధనలో 8 వారాలు ఈ మందు వాడినవారిలో, 14 నెలల తరువాత చాలామందిలో పెద్ద పురుగుల కదలిక కనిపించలేదు.

మన సుబ్బారావుగారి ప్రయోగశాల

ఈ కథలో తెలుగువారు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫైలేరియాకు నేటికీ వాడుతున్న డి.ఇ.సి. మందు 1947లో అక్కడి నుంచే వెలువడింది. మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్‌ను డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు కనుగొన్నదీ అక్కడే. అది 1948లో లోకానికి తెలిసింది. ఆ ఏడాదే సుబ్బారావుగారు కన్నుమూశారు. పురుగు పిల్లలను చంపే మందు, పురుగులోని బాక్టీరియాను చంపే మందుల కుటుంబం, రెండూ ఒకే చోట పుట్టాయి. గోమారికి బాక్టీరియా అందించే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసినది కూడా ఆ ప్రయోగశాలవారే. ఆనాడు ఈ మూడింటికీ ఇటువంటి సంబంధం వుందని ఎవరికీ తెలియదు.

అన్ని పొత్తులూ ఒకటి కావు

పురుగులో బాక్టీరియా కనిపించినంత మాత్రాన అది మిత్రుడని అనుకోకూడదు. క్యూలెక్స్ దోమలోని వోల్బాకియాను తొలగించినా దోమ బతుకుతుంది. లోవా లోవా అనే ఫైలేరియా పురుగులో వోల్బాకియా లేనేలేదు, అయినా అది హాయిగా జీవిస్తోంది. ఇక అనాప్లాస్మా అనే బాక్టీరియాకు గోమారి ఒక బండి మాత్రమే. అది గోమారి ద్వారా పశువులోకి చేరి, ఎర్ర రక్తకణాలలో పెరిగి, జ్వరం, రక్తహీనత కలిగిస్తుంది.

మనం చేయవలసింది

అయితే అందరికీ డాక్సీసైక్లిన్ పంచితే సరిపోదా? సరిపోదు. వారాల తరబడి రోజూ వాడాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు సాధారణంగా ఇవ్వరు. పైగా యాంటీబయాటిక్‌ను విచ్చలవిడిగా వాడితే ఇతర బాక్టీరియాలు దానికి లొంగకుండా తయారవుతాయి. ఇది మన ప్రాంతానికి దూరపు మాట కాదు. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వున్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు.

కాబట్టి ఊరందరికీ తగిన మార్గం ఏడాదికొకసారి మాత్రలు మింగడమే. 2004లో మన దేశంలో మొదలైన ఈ కార్యక్రమంలో డి.ఇ.సి., దానితో పాటు ఆల్బెండజోల్ ఇస్తున్నారు. 2027 నాటికి బోదకాలును నిర్మూలించాలన్నది దేశం లక్ష్యం. చాలామంది మాత్రలు తీసుకుని జేబులో వేసుకుంటారు. "పోయినసారి మింగితే జ్వరం వచ్చింది" అంటారు. ఆ జ్వరం ఎందుకు వస్తుందో ఇప్పుడు మీరు చెప్పగలరు. మైక్రోఫైలేరియాలు చచ్చినప్పుడు వాటిలోని వోల్బాకియాలు బయటపడతాయి. మన శరీరం వాటిని ఎదిరిస్తుంది. రక్తంలో పురుగులు ఎక్కువగా వున్నవారికే ఇది ఎక్కువ. అంటే మాత్ర ఎవరికి బాగా అవసరమో వారికే జ్వరం వచ్చే అవకాశం ఎక్కువ! సాధారణంగా అది ఒకటి రెండు రోజులలో తగ్గిపోతుంది. బాధ ఎక్కువైతే ఆరోగ్య కార్యకర్తకు చెప్పాలి.

రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రమైన జబ్బుతో వున్నవారు తప్ప మిగిలినవారంతా భోజనం చేశాక ఆరోగ్య కార్యకర్త ఎదుటనే మాత్రలు మింగాలి. వాచిన కాలు మళ్ళీ మామూలుగా కావడం కష్టం. వాపు రాకముందే పురుగును ఆపాలి. ఈ సంగతి మీ ఇంట్లో అమ్మమ్మకూ తాతయ్యకూ మీరే వివరించండి.

ఆలోచించండి

1. భూతద్దంతో పెద్ద గోమారి కాళ్ళు లెక్కపెట్టండి. చేతితో నలపవద్దు. తలలోని పేనుకు ఎన్ని కాళ్ళు? తేడాను బట్టి ఏది కీటకమో చెప్పండి.
2. 1999 నాటి ప్రయోగంలో వోల్బాకియా లేని పురుగులను కూడా ఎందుకు తీసుకున్నారు?
3. లోవా లోవా పురుగు సోకినవారికి డాక్సీసైక్లిన్ ఇస్తే ఆ పురుగు చస్తుందా? కారణం రాయండి.