షుగరు అంకె ఎవరికి చూపించుకోవాలి?

రేపు రక్తపరీక్ష అనగా రెండు మూడు రోజుల ముందు నుంచి తీపి మానేసి, రాత్రిళ్లు పుల్కాలతో సరిపెట్టుకునే వాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. పరగడుపు అంకె బాగానే వస్తుంది. హెచ్‌బిఎ1సి మాత్రం ఆ రెండు రోజుల పథ్యానికి లొంగదు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్లూ దానికి అంటుకున్న చక్కెర లెక్కంతా ఆ పరీక్షలో బయటపడుతుంది. ఇలా అంకెను దాచుకోవాలనిపించడం మోసబుద్ధి అని నేననుకోను. అది భయం. డాక్టరు కోప్పడతారని, ఇంట్లోవాళ్లు ‘నోరు కట్టుకోలేవా’ అంటారని.

ఈ భయాన్ని తగ్గించగలిగేది, అదే జబ్బుతో వేగుతూ దారి కనుక్కున్న మరో మనిషి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, మాజీ సైనికుల ఆసుపత్రిలో జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2012లో వెలువడ్డాయి. షుగరు అదుపులో లేని 118 మంది ఆఫ్రికన్ అమెరికన్లను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యమే. రెండో జట్టుకు, షుగరు తగ్గించుకుంటే డబ్బిస్తామన్నారు. మూడో జట్టులో ఒక్కొక్కరికీ ఒక తోడును ఇచ్చారు. ఆ తోడు డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఒకప్పుడు తన షుగరు కూడా చేయి దాటిపోయి, తర్వాత అదుపులోకి తెచ్చుకున్న తోటి సైనికుడు. వారం వారం ఫోన్లో పలకరించుకోవడమే పని. ఆరు నెలలకు మామూలు వైద్యం జట్టులో సగటు హెచ్‌బిఎ1సి 9.9 నుంచి 9.8కి, డబ్బు జట్టులో 9.5 నుంచి 9.1కి వచ్చింది. తోడున్న జట్టులో 9.8 నుంచి 8.7కి దిగింది.

అలాగని ఇదేమీ మంత్రం కాదు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో, షుగరు వచ్చే ప్రమాదమున్న వెయ్యిమందికి పైగా మనుషులతో రెండేళ్లపాటు ఒక ప్రయత్నం జరిగింది. ఊళ్లో వాళ్లే నాయకులుగా బృందాలు నడిపారు. కూరగాయలు, పండ్లు తినడం పెరిగింది, మద్యం తగ్గింది. కానీ షుగరు రాకుండా ఆపగలిగారని గట్టిగా చెప్పేంత తేడా మాత్రం కనబడలేదు. అయినా మనదేశంలో షుగరు ఉన్నవాళ్లు సుమారు 10.1 కోట్లమంది అని ఐసీఎంఆర్ సర్వే 2023లో తేల్చింది. ఇంతమందికి తీరిగ్గా కూర్చుని చెప్పే డాక్టర్లు ఎక్కడ దొరుకుతారు? తోటివాళ్ల అనుభవాన్ని వదులుకోవడం మనకు తగదు.

ఇక ఫోన్ల సంగతి. చేతికి అంటించుకునే సెన్సర్లు ఇప్పుడు రెండు వారాలదాకా పనిచేస్తూ, షుగరు ఎక్కడం దిగడం ఫోన్లో గీతగా చూపిస్తున్నాయి. అవి చూసేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే ద్రవాన్ని. కాబట్టి రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడతాయి. వాటిని కొనలేని వాళ్లకు మీటరూ స్ట్రిప్పులూ చాలు. ఏ పరికరమైనా అంకె చెబుతుందే గాని ఆ అంకె ఎందుకొచ్చిందో చెప్పదు. అది మనిషి అడిగి తెలుసుకోవలసిందే.

“అక్కా, రాత్రి తిన్నాక 248 వచ్చింది” అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చిందనుకోండి. “అరిసెలు తినొద్దని చెప్పానా!” అంటే సంభాషణ అక్కడితో ముగిసిపోతుంది. మర్నాటి నుంచి అంకెలూ రావు. “పెళ్లి భోజనమా అమ్మా? ఎన్నింటికి తిన్నావు? మాత్ర వేసుకోవడం కుదిరిందా?” అని అడిగితే అసలు విషయం బయటికొస్తుంది. వడ్డన పది దాటాక మొదలైంది, మాత్రలేమో ఇంట్లో ఉండిపోయాయి. అయితే ఇకనుంచి ఒక మాత్రల షీటు చేతిసంచిలోనే ఉండాలి. తీర్పు చెప్పకుండా అడగడం, అవతలివాళ్లు చెప్పేదాకా ఆగడం అలవాటు చేసుకుంటేనే వస్తాయి. మనుషుల్ని కలుపుకుపోవాలనుకునే ఎవరికైనా ఇంతకంటే మంచి సాధన నాకు కనిపించదు.

ఈ తోడుకు హద్దులూ ఉన్నాయి. మందు పెంచడం, తగ్గించడం డాక్టరు పని. కాకరకాయ రసం తాగి ఇన్సులిన్ మానేయమనే ఫార్వర్డ్ మెసేజ్‌ను ఎంత ఆప్తులు పంపినా అక్కడే ఆపాలి. షుగరు 70 కంటే తగ్గి, చెమటలు పట్టి, చేతులు వణికితే మాత్రం ఎవరి మెసేజ్ కోసమూ చూడకూడదు. తెలివిలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మీకు షుగరు ఉంటే, అదే జబ్బున్న ఒక్క మనిషిని ఎంచుకోండి. వదినగారో, ఆఫీసులో పక్క సీటు అన్నో, ఎవరైనా సరే. వారంలో ఒక రోజు, ఒక వేళ అనుకోండి. అంకెతో పాటు ఏం తిన్నారో, ఎంత నడిచారో, మాత్ర ఎప్పుడు వేసుకున్నారో కూడా రాసి పంపండి. బాగా వచ్చిన రోజుల కంటే ముందు బాగా రాని రోజులవే పంపండి. వాళ్లవీ అడిగి తీసుకోండి.