చిట్టితల్లికి, తాతయ్య రాసేది

దుమ్ముగూడెం

చిట్టితల్లీ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేయగానే అమ్మమ్మ వీధి వీధంతా చెప్పి వచ్చింది, మన పిల్ల కాలేజీలో కోయల కొమ్ము నాట్యం మీద వీడియో చేస్తోందని. నాకూ సంతోషంగానే ఉంది గానీ, వెనకాల పెట్టడానికి పాటలు ఊరికే దించుకునే సైట్లు బోలెడు దొరికాయి తాతా అన్నావే, ఆ మాట దగ్గర కాస్త బెంగ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు, అన్నం మానేసి కాదు.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా వీధికంతా ఒకటే రేడియో. శ్రీరామనవమి నాడు రేడియో ఉన్న ఇంటాయన దాన్ని తెచ్చి అరుగు మీద పెట్టేవాడు; భద్రాచలం దాకా నడవలేని ముసలివాళ్లు ఉషశ్రీ గారి వ్యాఖ్యానం వింటూ, కల్యాణం కళ్లెదుటే జరుగుతున్నట్టు చేతులు జోడించేవాళ్లు. ఎవరినీ పైసా అడగలేదాయన, పైగా వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చేవాడు. నీలోనూ ఆ గుణం ఉందమ్మా. పోయిన వేసవిలో చూపు ఆనని పక్కింటి మామ్మకు మెమరీ కార్డు నిండా రామదాసు కీర్తనలు వేసిచ్చి, ఏ మీట నొక్కాలో ఆవిడ వేలు పట్టుకుని నేర్పావు చూడు, ఆవిడ ఇప్పటికీ ప్రతి పొద్దునా నీ పేరు తలుస్తుంది.

కానీ ఏ పాట ఊరికే తీసుకోవచ్చో, ఏది కూడదో చూసుకోవాలి. ఆ కీర్తనలనే తీసుకో. మన రామదాసు, అంటే నేలకొండపల్లి గోపన్న, 17వ శతాబ్దంలో కట్టినవి, వాటికి ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు. నువ్వు పాడుకో, నీ స్నేహితురాలి చేత వయొలిన్ మీద వాయించుకో. కానీ అదే కీర్తన బాలమురళీకృష్ణ గారు పాడిన రికార్డు సంగతి వేరు. మన చట్టంలో రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన ఏడాది గడిచాక 60 ఏళ్లు ఉంటుంది. 1963లో వచ్చిన రికార్డయితే 2024 జనవరి 1 నుంచి దానికి ఆ అడ్డు లేదన్నమాట. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత గ్రామఫోను రికార్డులు ఎన్నో ఉన్నాయి, వెతుకు, కానీ అక్కడ ఉన్నంత మాత్రాన వాడుకోవచ్చని కాదు, ఏడాది చూసుకో.

ఇప్పటి కుర్రాళ్లు మనసారా ఇచ్చేవీ ఉన్నాయి. ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్‌లో పాట పక్కనే క్రియేటివ్ కామన్స్ షరతు రాసి ఉంటుంది: పేరు చెప్పు అని ఒకరు, వ్యాపారానికి వద్దు అని ఒకరు, మార్చొద్దు అని ఇంకొకరు. ఆ మార్చొద్దన్న పాటను వీడియో వెనక పెట్టడం కూడా మార్చినట్టే లెక్క, అది చాలామందికి తెలియదు. ఎవరి పాట వాడినా వీడియో చివర వాళ్ల పేరు స్పష్టంగా, చదవగలిగేంత సేపు ఉంచు తల్లీ. నచ్చినవాళ్ల పేర్లు రాసిపెట్టుకుంటే ప్రతిసారీ మొదటినుంచి వెతుక్కోనక్కర్లేదు.

ఇక మూడు నెలలు ఉచితం అనే పాటల యాప్‌ల ఆఫర్లు. చాలావరకు ఆటోపే పెట్టించుకున్నాకే ఇస్తారు, గడువు దాటితే డబ్బు దానంతటదే కోసేసుకుంటారు. కోసే ముందు కనీసం 24 గంటలకు కబురు రావాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది గానీ, పరీక్షల్లో నువ్వా మెసేజ్ చూస్తావా? ఆఫర్ తీసుకున్న రోజే ఆఖరు తేదీ నోటు పుస్తకంలో రాసుకో. మీ అమ్మ పంపే డబ్బు ఎలా వస్తుందో నీకు వేరే చెప్పాలా.

అసలు సంగతికొస్తాను. కొమ్ము నాట్యానికి ఎక్కడిదో గిటారు ఎందుకమ్మా? మణుగూరు దగ్గరి కూనవరంలో సకిని రామచంద్రయ్య గారని ఉండేవారు, కాగితం ముక్క లేకుండా కోయలోనూ తెలుగులోనూ సమ్మక్క సారలమ్మల కథ డోలు కొడుతూ పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో పోయారు. ఆయన పాడిన తరహా పాటకు కాగితం మీద హక్కుదారు కనిపించడు గనక అది ఎవరిదీ కాదనుకుని ఫోన్లో ఎత్తుకుపోయేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ పాటకు మనుషులున్నారు, ఇళ్లున్నాయి, అడిగితే చెబుతారు.

దసరాకు వస్తావుగా, చర్ల వైపు కోయ ఊళ్లకు నేనూ తోడొస్తాను. అక్కడ నా దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులయ్యారు. ముందు వాళ్ల పెద్దలను అడుగుదాం. సరే అంటే డోలు చప్పుడు, రేల పాట నువ్వే రికార్డు చేసుకో, పేర్లు వాళ్లు చెప్పినట్టే రాసుకో, పూర్తయ్యాక నెట్‌లో పెట్టకముందే తీసుకెళ్లి వాళ్లకు చూపిద్దాం. అక్కడ సిగ్నల్ సరిగా ఉండదు, వీడియో ఫోన్లోనే దాచి తీసుకురా. వద్దంటే మాత్రం బతిమాలకు. మామ్మ కార్డు ఆగాగి పాడుతోందట, కొత్తది ఒకటి తెచ్చిపెట్టు, డబ్బు నేనిస్తాను.

ఆశీస్సులతో
నీ తాతయ్య