తిరుగు టికెట్ నవంబరుకి వేయించుకోండి

అక్కా, ఈసారి అమెరికాలో అమ్మాయి దగ్గరికి వెళ్తున్నారట కదా! సంతోషం. ఒక్క మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. మనవాళ్ళందరం ఏప్రిల్లోనో మేలోనో విమానం ఎక్కుతాం, మనవల్ని ఆడిస్తాం, వాళ్ళకి ఆర్నెల్లకు సరిపడా పొడులు కొట్టి పెడతాం, దసరాకి ఇంట్లో ఉండాలంటూ సెప్టెంబరు చివర వచ్చేస్తాం. అక్కడ చెట్లు రంగు తిరిగేది సరిగ్గా అప్పుడే. పిల్లలు ‘ఫాల్ కలర్స్’ అంటూ వాట్సాప్‌లో ఫొటోలు పెడితే ఇక్కడ కూర్చుని చూస్తాం.

మన వీధిలో బాదం చెట్టు ఆకు రాలేముందు ఎర్రగా పండుతుంది చూడండి, కొండకి కొండే అలా పండితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. తూర్పు రాష్ట్రాల అడవుల్లో మేపుల్, ఓక్, హికరీ కలిసి పెరుగుతాయి కాబట్టి ఎరుపు, నారింజ, పసుపు ఒక్కచోటే కనిపిస్తాయి. పసుపు ఆకులో ముందునుంచీ ఉన్నదే. పగటి పొద్దు తగ్గి పత్రహరితం పోయాక బయటపడుతుందంతే. ఎరుపు మాత్రం ఆ రోజుల్లో ఆకు కొత్తగా తయారుచేసుకునేది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న ఏడాది ఆ ఎరుపు బాగా తేలుతుంది. అందుకే పోయినేడాది పక్కింటావిడ పెట్టిన ఫొటో చూసి ఈ ఏడాదీ అలాగే ఉంటుందనుకోకండి.

ఎక్కడికి వెళ్ళాలంటే అందరూ వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ అంటారు. మేపుల్ ఎరుపు చూడాలంటే నిజంగా అక్కడే చూడాలి. న్యూ హాంప్‌షైర్‌లో కాంకమాగస్ అని సుమారు 34 మైళ్ళ కొండ రోడ్డుంది. దారిలో ఒక్క పెట్రోలు బంకు ఉండదు, ట్యాంకు నింపుకునే బయల్దేరమనండి. అయితే అక్టోబరు రెండో సోమవారం వాళ్ళకి సెలవు. శని, ఆదివారాలతో కలిపి ఆ మూడు రోజులూ హోటల్ గది దొరకడం గగనం, దొరికినా ధర చూస్తే గుండె జారుతుంది. అల్లుడుగారు ఆ వారమే అంటే మెల్లగా మాట మార్చేయండి.

నన్నడిగితే వర్జీనియాలోని షెనాండోవా నేషనల్ పార్కు. మనవాళ్ళు బోలెడుమంది ఉండే ఉత్తర వర్జీనియా నుంచి ఉదయం వెళ్ళి రాత్రికి ఇల్లు చేరొచ్చు. కొండ అంచునే 105 మైళ్ళు సాగే స్కైలైన్ డ్రైవ్‌లో వేగం గంటకి 35 మైళ్ళు దాటకూడదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కారు దిగకుండానే చూడొచ్చు, కావాలన్నచోట ఆపుకోవడానికి వ్యూ పాయింట్లు బోలెడు. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తే భోజనం బెంగా లేదు. పైన ముందు పండి, రంగు నెమ్మదిగా కిందికి దిగుతుంది. అందుకని అక్టోబరు మధ్య నుంచి నెలాఖరు దాకా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఓక్ చెట్లెక్కువ కనుక వెర్మాంట్ అంత మంట ఉండదు, బంగారం, తుప్పు రంగులెక్కువ. నాకు అదే ఇష్టం, కళ్ళకి హాయి.

కొలరాడోలో ఉంటే సెప్టెంబరు చివరే ఆస్పెన్ చెట్లు పచ్చగా పసుపు రాసుకుంటాయి, అక్కడ ఆలస్యం చేయకూడదు. టెక్సాస్‌వాళ్ళకి లాస్ట్ మేపుల్స్ అని చిన్న పార్కుంది, అక్టోబరు చివర, నవంబరు మొదట్లో. ముందే పాసు తీసుకోకపోతే గేటు దాకా వెళ్ళి వెనక్కి రావాల్సి రావచ్చు.

చీర మీదకి స్వెట్టరు, కాళ్ళకి సాక్సు, బూట్లు తప్పనిసరి. కొండ మీద గాలి మామూలుగా ఉండదు.

ఇక టికెట్ సంగతి. మే నెలాఖరుకి బయల్దేరి, నవంబరు మొదటి వారానికి తిరుగు టికెట్ వేయమనండి. అక్కడ దిగాక ఐ-94 అనే ప్రవేశ రికార్డులో ఎప్పటిదాకా ఉండొచ్చని రాశారో అమ్మాయిని చూడమనండి, ఇన్సూరెన్సు కూడా మీరు తిరిగొచ్చే తేదీ దాకా ఉండాలి. ఈ ఒక్క ఏడాది దసరా పూజ అమ్మాయింట్లోనే చేసుకోండక్కా, బావగారిని నేను ఒప్పిస్తాను.