రోబోటిక్స్ ట్రైనర్‌గా చేరబోతున్నారా?

హైదరాబాద్ శివార్లలోని గండిమైసమ్మ చౌరస్తా చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. దుండిగల్‌లోనే ఎంఎల్‌ఆర్‌ఐటీ, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోనాటికల్ ఇంజనీరింగ్ ఉన్నాయి. బహదూర్‌పల్లిలో మహీంద్రా యూనివర్సిటీ ఉంది. అవే రోడ్ల వెంట కొత్త కాలనీలు లేచాయి, కాలనీల వెనకే ప్రైవేటు స్కూళ్లు వచ్చాయి. అడ్మిషన్ల బోర్డుల మీద ‘కోడింగ్, రోబోటిక్స్’ అన్న మాట ఇప్పుడు మామూలైపోయింది. దాంతో ఈసీఈ, ఈఈఈ, మెకానికల్ పూర్తిచేసి సాఫ్ట్‌వేర్ కంపెనీ పిలుపు కోసం చూస్తున్నవాళ్లకు ఇంటి దగ్గరే ఒక ఉద్యోగం ఎదురవుతోంది: స్కూల్లో రోబోటిక్స్ ట్రైనర్. వేరేది దొరికేదాకా చేద్దామని చేరేవాళ్లున్నారు. అలా చేరినా తప్పేం లేదు. కానీ ఆరో తరగతి పిల్లకు ఆ ఏడాది మళ్లీ రాదు. చేరిన ఆ ఒక్క ఏడాదైనా ఈ పనిని పనిగా నేర్చుకుని చేయమని అడగడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఉద్యోగం సంగతి చూద్దాం. స్కూలే నేరుగా తీసుకోవచ్చు. లేదంటే కిట్లు అమ్మే కంపెనీ స్కూలుతో ఒప్పందం చేసుకుని తన మనిషిగా మిమ్మల్ని పంపవచ్చు. రెండో పద్ధతిలో జీతమిచ్చేది ఒకరు, పని చెప్పేది ఇంకొకరు. అందుకే చేరేముందే కొన్ని విషయాలు కాగితం మీదికి రావాలి. వారానికి ఎన్ని స్కూళ్లు, ఎన్ని పీరియడ్లు? పొద్దున మేడ్చల్‌లో, మధ్యాహ్నం శామీర్‌పేటలో క్లాసుంటే పెట్రోలు ఖర్చు ఎవరిది? కిట్‌లో మోటారు కాలిపోతే డబ్బు ఎవరు పెట్టుకోవాలి? అన్నిటికంటే ముఖ్యం మే నెల. స్కూళ్లు ఏప్రిల్ చివర మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఒప్పందం పది నెలలకా, పన్నెండు నెలలకా అని అడగడానికి మొహమాటపడకండి. 20 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థకు పీఎఫ్ చట్టం వర్తిస్తుంది, అదీ అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి, జిరాక్సులు మాత్రమే ఇవ్వండి.

జీతం తర్వాత అడగాల్సినది కిట్ల లెక్క. చాలామంది దీన్ని అడగరు, తర్వాత ఏడాదంతా ఇబ్బంది పడతారు. క్లాసులో 40 మంది, పీరియడ్ 40 నిమిషాలు, కిట్లు నాలుగే అనుకోండి. ఒక్కో కిట్ చుట్టూ పదిమంది. ముట్టుకునేది ఇద్దరు, మిగతా ఎనిమిది మందీ చూసేవాళ్లే. కిట్లు పంచడానికి, మళ్లీ సర్దించడానికి పది నిమిషాలు తీసేస్తే మిగిలేది అరగంట. కనీసం పది కిట్లు, వారానికి ఒక జంట పీరియడ్ కావాలని ప్రిన్సిపాల్‌ను మొదట్లోనే అడగండి. మొదట్లో అడిగినది ఏర్పాటు అనిపించుకుంటుంది, నవంబర్లో అడిగితే ఫిర్యాదు అనిపించుకుంటుంది.

ఇక పాఠం. పిల్లల చేత కంప్యూటర్‌కు పని చెప్పించాలన్న ఆలోచన ఇవాళ్టిది కాదు. 1967లో అమెరికాలో వాలీ ఫ్యూర్‌జీగ్, సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్ కలిసి పిల్లల కోసం లోగో అనే భాషను తయారుచేశారు. తర్వాత దాంతో నేల మీద తిరిగే ‘తాబేలు’ రోబోను నడిపించారు. మన దేశంలో 1984లో ‘క్లాస్’ పేరుతో మొదలైన పథకం కింద స్కూళ్లకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి వచ్చిన స్క్రాచ్‌లో పిల్లలు రంగురంగుల బ్లాకులు అతికించి ప్రోగ్రాం రాస్తారు. మీ చేతికొచ్చే కిట్ ఏ కంపెనీదైనా అందులోని సాఫ్ట్‌వేర్ చాలావరకు ఆ దారిలోనే ఉంటుంది. పాపర్ట్ పట్టుకున్న విషయం ట్రైనర్‌కు నిత్యం పనికొస్తుంది. పిల్లవాడు తన ఒంటిని రోబో స్థానంలో పెట్టుకుని ఆలోచించగలడు. తెర మీది బొమ్మ ఎందుకు పక్కకు పోయిందో తెలియకపోయినా, తాను రోబోలా నడిచి చూస్తే ఎక్కడ తిరగాల్సిందో తెలిసిపోతుంది.

అందుకే మొదటి క్లాసులో కిట్లు తీయకండి. వరండాలో తాండూరు బండలు పరిచి ఉంటే అంతకంటే మంచి ల్యాబ్ లేదు. ఒక పిల్లను రోబోగా నిలబెట్టండి. ‘ఒక బండ ముందుకు’, ‘కుడికి తిరుగు’, ఈ రెండే ఆదేశాలు. మిగతావాళ్లు ఆ పిల్లను తలుపు దాకా చేర్చాలి. ఎవరో ఒకరు ‘అటు పో’ అంటారు. రోబోగా ఉన్న పిల్ల కదలకూడదు, ఆ మాట దానికి తెలియదు కదా. ‘ఎడమకు’ అనే ఆదేశమే లేదని కాసేపటికి గమనిస్తారు. కుడికి మూడుసార్లు తిరిగితే ఎడమ అవుతుందని ఎవరో కనిపెడతారు. దాన్ని మీరు ముందే చెప్పేస్తే ఆ పీరియడ్ పోయినట్టే.

రెండో వారం చతురస్రం. ముందుకు, 90 డిగ్రీలు, నాలుగుసార్లు. ఇక్కడే ట్రైనర్‌గా మీకు పరీక్ష. చవక కిట్లలో పసుపు రంగు బీఓ మోటార్లు ఉంటాయి. చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఏర్పాటు వాటిలో మామూలుగా ఉండదు. కాబట్టి ‘ఇంతసేపు తిరుగు’ అని టైము ఇచ్చి తిప్పుతాం. పొద్దున నిండు బ్యాటరీతో సరిగ్గా మూల తిరిగిన బండి, మధ్యాహ్నం మూడో సెక్షన్ వచ్చేసరికి మూలకు ముందే ఆగిపోతుంది. కోడ్‌లో ఒక్క బ్లాకు మారలేదు. పిల్లలు ‘సార్, పని చేస్తలేదు’ అంటారు. మీ చెయ్యి దానంతటదే మౌస్ మీదికి పోతుంది. పోనివ్వకండి.

చెయ్యి జేబులోనే ఉంచి అడగండి: పొద్దునకీ ఇప్పటికీ ఏం మారింది? నున్నటి బండ మీదా, గరుకు సిమెంటు మీదా ఒకేలా తిరుగుతుందా? ఒకసారికి ఒక్కటే మార్చి చూస్తే ఏమవుతుంది? ఈ మూడో ప్రశ్న అలవాటైన పిల్లకు మీరు అసలు విద్య నేర్పినట్టే. కోడ్, బ్యాటరీ, నేల మూడూ ఒకేసారి మార్చేసి పని చేయించిన పిల్లవాడికి ఏది సరిచేసిందో తెలియదు, రేపు మళ్లీ మీ దగ్గరికే వస్తాడు. రోబోను నడిపించడం మీకొచ్చు, అందుకు మీకు డిగ్రీ ఉంది. అది తప్పిన క్షణంలో దాన్ని పిల్లల చేతుల్లోనే ఉంచగలగడం ఈ ఉద్యోగంలో నేర్చుకోవాల్సిన పని.

దూరం లెక్కకూ ఇదే పద్ధతి. టైరు మీద చాక్‌పీసుతో గీత గీసి, నేల మీద ఒక చుట్టు దొర్లించి స్కేలుతో కొలవమనండి. 6.5 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రానికి దాదాపు 20 సెంటీమీటర్లు వస్తుంది. మీటరు పోవాలంటే ఐదు చుట్లని ఆరో తరగతివాళ్లు పై (π) విలువ తెలియకుండానే చెబుతారు. పై విలువ లెక్కల క్లాసులో వచ్చినప్పుడు ఆ చక్రం వాళ్లకు గుర్తొస్తుంది. లెక్కల టీచరుతో మాట్లాడి ఆ పాఠం ఎప్పుడుందో కనుక్కోండి. స్కూల్లో మీకు మొదటి తోడు ఆ టీచరే.

నల్ల గీత వెంట నడిచే బండి చేయించేటప్పుడు కిటికీ పక్కన ట్రాక్ పరచకండి. ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, సెన్సార్ తికమకపడుతుంది. తెల్ల చార్టు మీద నల్ల ఇన్సులేషన్ టేపు చాలు, ఖరీదైన మ్యాట్ అక్కర్లేదు. మోటార్లకు చిన్న 9 వోల్టుల బ్యాటరీ పెట్టకండి, అది కాసేపటికే చతికిలబడుతుంది. రీచార్జి సెల్స్ వాడితే చార్జింగ్ మీ కళ్లెదుటే జరగాలి. వాటి రెండు కొసలు తీగతో కలిపితే మంటలు రావచ్చు, ఈ ఒక్క విషయంలో పిల్లలకు ప్రయోగం చేసే స్వేచ్ఛ లేదు. విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీకి నెలకోసారి వెళ్తే సరిపోతుంది. అయితే బిల్లు తీసుకోండి.

ప్రతి గుంపులోనూ ఒక దృశ్యం కనిపిస్తుంది: అబ్బాయి చేతిలో రోబో, అమ్మాయి చేతిలో నోట్‌బుక్. ఎవరూ కావాలని చేయరు, అలా జరిగిపోతుంది. అది చూసి ఊరుకోవడం నాకు చేతకాదు, మీరూ ఊరుకోవద్దు. బిగించేవాళ్లు, కోడ్ పెట్టేవాళ్లు, కొలిచేవాళ్లు, రాసేవాళ్లు అని నాలుగు పనులు పెట్టి, ప్రతి వారం మార్చండి. ఎవరు ఏ వారం ఏం చేశారో గోడ మీద చార్టులో ఉండాలి. భాష సంగతీ అంతే. ఈ ప్రాంతంలో పని కోసం వచ్చిన హిందీ, ఒడియా కుటుంబాల పిల్లలు మన పిల్లల పక్కనే కూర్చుంటారు. ‘లూప్’, ‘సెన్సార్’ అలాగే ఉండనివ్వండి, కానీ ఎందుకు, ఎలా అన్నది పిల్లకు వచ్చిన భాషలో చెప్పించండి. ఇంగ్లిష్‌లో చెప్పలేకపోయిందంటే అర్థం కాలేదని కాదు.

డిసెంబరు వచ్చేసరికి యాన్యువల్ డే ఒత్తిడి మొదలవుతుంది. స్టేజి మీద రోబో డ్యాన్స్ చేయాలంటారు. ట్రైనరే రాత్రి కూర్చుని కోడ్ రాసేస్తే పిల్లలు మీట నొక్కేవాళ్లుగా మిగిలిపోతారు. దానికి బదులు ఒక స్టాల్ అడగండి. తల్లిదండ్రులు ఆదేశాలు చెప్పాలి, పిల్లలు వాటిని ప్రోగ్రాంగా మార్చి చూపించాలి, తప్పితే అక్కడే సరిచేయాలి. ఫీజు కట్టిన నాన్న ఆ ఐదు నిమిషాల్లో చూసేది స్టేజి మీద కనపడదు. ఫొటోలు తీస్తే తల్లిదండ్రుల అనుమతి లేకుండా మీ ఇన్‌స్టాలో పెట్టకండి.

ఈ పనికి ముందు దారి ఉంది. 2016లో నీతి ఆయోగ్ కింద మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసం టింకరింగ్ ల్యాబులు పెట్టించింది, ఒక్కో స్కూలుకు 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు. ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో 50 వేల ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. సామాను కొనడం తేలిక, దాన్ని పిల్లల చేతుల్లో నడిపించగల మనిషి దొరకడం కష్టం. స్కూల్లోనే స్థిరపడాలనుకుంటే బీఈడీ చేయండి. తయారీ వైపు మొగ్గుంటే 2023లో రాయదుర్గంలో ప్రారంభమైన టీ-వర్క్స్‌ను ఒకసారి చూసి రండి.

ఏ వైపు వెళ్లినా పనికొచ్చేది ఒకటి చెబుతాను. ప్రతి క్లాసు అయ్యాక పది నిమిషాలు కూర్చుని మూడు సంగతులు రాయండి: ఇవాళ ఏ గుంపు ఎక్కడ ఆగింది, నేనేం అడిగాను, దాన్ని వాళ్లెలా దాటారు. కిట్ పేరు, తరగతి, తేదీ ఉండాలి, పిల్లల పేర్లు అక్కర్లేదు. తర్వాతి ఇంటర్వ్యూకు సర్టిఫికెట్ల ఫైలుతో పాటు ఆ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి.